ఆఖరివాళ్ళకి చప్పట్లు

"కదలకు. ఊపిరి బిగబట్టక్కర్లేదు, ఇది కాలే కదా. కాసేపు అలాగే ఉండు."

రోజూ ఎందరికో చెప్పీ చెప్పీ ఆమె నోటికి పట్టిపోయిన మాటలివి. ఇవాళ ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నది కన్నకూతురయ్యేసరికి అవే మాటలు ఎవరో పరాయి మనిషి అంటున్నట్టు వినిపించాయి.

పిల్ల కదల్లేదు. పొద్దున మెట్లు దిగుతూ కుప్పకూలినప్పటి నుంచి అది ఏడవనూ లేదు, నోరు విప్పనూ లేదు. తండ్రి లేవదీయబోతే చెయ్యి విదిలించుకుంది. ఆదివారం పరుగు పందెం అయ్యాక, మెళ్ళో వేసిన పతకాన్ని తీసి అందరూ చూస్తుండగా చెత్తబుట్టలో పడేసింది మొదలు తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. పిల్లల క్లబ్బుకి కార్యదర్శి ఆ తండ్రే. మొదట వచ్చినవాళ్ళకీ ఆఖర్న వచ్చినవాళ్ళకీ ఒకటే పతకం, ఒకటే సైజు, ఒకటే రంగు అని పట్టుబట్టి రూలు మార్పించింది ఆయనే. సొంత కూతురే దాన్ని చెత్తలో వేస్తే నలుగురిలో ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఆమె సీసపు గోడ వెనక్కి వెళ్ళి మీట నొక్కింది. తెర మీద కాలి ఎముక తెల్లగా తేలింది.



ఎముక అంచున ఒకచోట పొర ఉబ్బి ఉంది. ఆ ఉబ్బుని అడ్డంగా కోస్తూ వెంట్రుకంత నల్లని గీత. మెట్ల మీద పడితే విరిగే తీరు వేరు. ఇది ఇవాళ్టిది కాదు. లోపల ఒళ్ళు తనంతట తాను అతుకు వేసుకుందామని చూస్తోంది, పైనుంచి ఎవరో ఆ అతుకుని మళ్ళీ మళ్ళీ తొక్కేస్తున్నారు.

ఎముకల డాక్టరు వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఏమ్మా, ఇది పాతది."

"తెలుస్తోంది సార్."

"నీ కూతురే కదా? ఇంట్లో ఉండి చూడలేదా?"

డాక్టరు పిల్ల వైపు తిరిగాడు. "ఈ కాలితో నడిస్తేనే ప్రాణం పోతుంది. పందెంలో ఎలా పరిగెత్తావు తల్లీ?"

"నొప్పి లేదు," అంది పిల్ల పైకప్పు చూస్తూ.

డాక్టరు మేజోడు కిందికి లాగాడు. పిక్క చుట్టూ చర్మం మీద గట్టిగా కట్టిన కట్టు తాలూకు అచ్చులు. ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి, లెక్కగా వేసిన చుట్లు.

"ఎవరు కట్టారిది? చెయ్యి తిరిగిన మనిషి పని."

"నేనే కట్టుకున్నా."

తల్లి ఆ అచ్చుల వంకే చూస్తూ ఉండిపోయింది. రోజూ పొద్దున్నే వెనక వరండాలో మామగారు ముక్కాలిపీట మీద కాలు పెట్టుకుని మోకాలికి కట్టు కట్టుకుంటారు. బయట నుంచి లోపలికి, చుట్టు చుట్టుకీ ఒక మెలిక. ఈ అచ్చుల్లో ఉన్నదీ అదే మెలిక. అది ఇంట్లో ఇంకెవరికీ రాదు.

"ఇంకో మాట," అన్నాడు డాక్టరు, ఈసారి గొంతు తగ్గించి. "కడుపు మంట అంటోందా ఈమధ్య?"

"అంటోంది. పరీక్షల భయమనుకున్నాను. పాలు తాగిస్తున్నాను."

"బిళ్ళలు మింగి ఉంటుంది. నొప్పి తెలియకుండా. లేకపోతే ఈ పరుగు ఎవరి తరమూ కాదు."

పిల్ల కళ్ళు మూసుకుంది. ఆ మూసుకోవడంలోనే తల్లికి జవాబు దొరికింది.

"ఈ ఏడాదికి పరుగు మర్చిపో," అన్నాడు డాక్టరు కట్టు గదికి చీటీ రాస్తూ. "అతుకు సరిగ్గా పడకపోతే లోపల రాడ్డు వెయ్యాలి. అప్పుడు ఇక ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ అనే లెక్క ఉండదు."

*

ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త గుమ్మంలోనే ఉన్నాడు. స్కూల్లో లెక్కల క్లాసు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, చొక్కా చేతికి సుద్ద అలాగే ఉంది. పిల్లని ఎత్తుకోబోయాడు. అది తల్లి మెడ గట్టిగా పట్టుకుంది. ఆయన చేతులు దించుకుని పక్కకి తప్పుకున్నాడు.

పిల్లని మంచం మీద పడుకోబెట్టి, పిండికట్టు వేసిన కాలి కింద రెండు దిండ్లు పెట్టి, తలుపు దగ్గరగా వేసి ఆమె హాల్లోకి వచ్చింది.

కిటికీ పక్క కుర్చీలో మామగారు కూర్చుని ఉన్నారు. రిటైరై ఎంతకాలమైనా ఊళ్ళో సగం మంది ఆయన్ని ఇప్పటికీ కోచ్ అనే పిలుస్తారు. మనవరాలిని "గుర్రంపిల్లా" అని పిలిచేదీ ఆయనొక్కరే. ఇవాళ ఆయన ఆ పిలుపు పిలవలేదు. లేచి చూడటానికి కూడా రాలేదు.

"మామయ్యగారూ, మీ నొప్పి బిళ్ళలు ఒకటి ఇస్తారా? తల పగిలిపోతోంది."

ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి ఆగింది.

"అయిపోయాయమ్మాయ్."

"మొన్ననే కదా తెచ్చిచ్చాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బయట చూడదగ్గది ఏమీ లేదు, ఎదురింటి గోడ తప్ప.

భర్త ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏంటిది? డాక్టరేమన్నాడు?"

"ఎముక విరిగి చాలా రోజులైందన్నాడు. ఎవరో కట్టు కట్టి, బిళ్ళలు మింగించి పరిగెత్తించారన్నాడు. మిగతాది మీ నాన్నగారిని అడగండి."



"నాన్నా, నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అది కుంటడం మొదలెట్టినప్పటి నుంచి. విరిగిందని తెలీదు. నొప్పనే తెలుసు. నొప్పి లేకుండా పరిగెత్తినవాడెవడురా?"

"దానికి పన్నెండేళ్ళు."

"ఆ పన్నెండేళ్ళది తెల్లారకముందే వచ్చి నా గది తలుపెందుకు కొట్టేదో అది అడుగు ముందు," అన్నారు ముసలాయన. గొంతు పెంచలేదు. మైదానంలో అరిచి అరిచి ఇంట్లో మాట్లాడటానికి గొంతు మిగలని మనిషి ఆయన. "'తాతయ్యా, ఇవాళ ఎంతలో పరిగెత్తానో చెప్పు' అనేది. దానికి కావలసింది అదొక్కటే. నీ క్లబ్బులో ఆ మాట చెప్పే దిక్కు లేదు. వాచీలు ఎత్తేశావు. ఫస్టూ సెకండూ ఎత్తేశావు. మొన్న అది అందరికన్నా అంత ముందు వస్తే, మైకులో 'పిల్లలందరూ చాలా బాగా పరిగెత్తారు' అన్నావు. అందరూ బాగా పరిగెత్తారా? పిల్లలు నీకేమైనా గుడ్డివాళ్ళలా కనిపిస్తున్నారా?"

"ఎందుకు ఎత్తేశానో నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు నాలుగోవాడివి. ఏ పందెంలో చూసినా నాలుగోవాడివే. ముగ్గురికే ఇస్తారు. నన్నేం చెయ్యమంటావు?"

"నేను పతకం అడగలేదు నాన్నా." లెక్కల మాస్టారు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మైదానం నుంచి ఇంటికి నడిచి వచ్చేవాళ్ళం గుర్తుందా? నువ్వు ఏనాడూ నా పక్కన నడవలేదు. గెలిచినవాడి భుజం మీద చెయ్యేసుకుని ముందు నడిచేవాడివి. వాణ్ణి వాళ్ళింటి దగ్గర దింపాక, అప్పుడు నేనొస్తున్నానో లేదో అని వెనక్కి తిరిగేవాడివి."

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె ఈ మాట వినలేదు. నాన్న గురించి ఆయన చెప్పిన కథలన్నీ నవ్వుతూ చెప్పినవే.



"వాడికి నాన్న లేడురా," అన్నారు ముసలాయన.

"వీడికి నేనున్నాను కదా, వీడికేం లోటు అనుకున్నావు."

ముసలాయన వంగి మోకాలు రాసుకున్నారు.

"మా క్లబ్బులో ఒక పిల్ల ఉంది, లావు కళ్ళద్దాల పిల్ల," అన్నాడు భర్త, తండ్రితో కాదు, గదిలో ఎవరితోనో వాదిస్తున్నట్టు. "పందెం అంటే చాలు, గేటు దగ్గరే వాంతి చేసుకునేది. నీ కాలంలో ఐతే ఇంటికి పంపేసేవాడివి. మొన్న ఆదివారం మైదానం చుట్టూ పూర్తిగా తిరిగొచ్చింది. వాళ్ళమ్మ కంచె పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల మెళ్ళో నేను పతకం వెయ్యడం తప్పా?"

"ఎవరన్నారు తప్పని? వెయ్యి. చప్పట్లు కొట్టు. ఎత్తుకుని తిప్పు. ముందొచ్చిన పిల్ల వంక చూడటానికి నీ మెడకేమైంది?"

"ముందొచ్చినవాళ్ళకి ముందు రావడమే చాలు."

"చాలితే చెత్తబుట్టలో ఎందుకేస్తుంది?"

"నువ్వు నేర్పావు కాబట్టి వేసింది."

"చెయ్యి నాది కాదు."

"మీ ఇద్దర్లో ఒక్కరైనా," అంది ఆమె, "కాలెలా ఉంది అని అడిగారా? నేను లోపలికొచ్చి ఎంతసేపైంది? ఎప్పటికి తగ్గుతుంది అని అడిగిన పాపాన పోయారా?"

ఇద్దరూ తలదించుకున్నారు. ఆ దించుకోవడం కూడా ఒకేలా, గడ్డం ఛాతీకి ఆనేలా. ఎప్పుడూ ముచ్చటగా అనిపించే ఆ పోలిక ఇవాళ ఆమెకి వెగటు పుట్టించింది.

"డాక్టరు ఇంకా ఏమన్నాడు?" అన్నాడు భర్త నీరసంగా.

"అతుక్కోకపోతే లోపల రాడ్డు వెయ్యాలన్నాడు."

ఆయన ముఖం పాలిపోయింది. ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు.

"నాన్నా, అక్కతో చెప్పాను. కొన్నాళ్ళు అక్కడ ఉండు."

"కొన్నాళ్ళంటే?"

"పిల్ల ఈ పిచ్చి మర్చిపోయేదాకా."

ముసలాయన కోడలి వైపు చూశారు. అత్తగారు పోయినప్పటి నుంచి ఇంట్లో ఏ మాటొచ్చినా ఆయన మొదట కోడలి ముఖం వంకే చూసేవారు. కూర ఉప్పగా ఉందని కొడుకు విసుక్కుంటే అడ్డొచ్చే మనిషి ఆయన. రాత్రి డ్యూటీ పడితే ఆసుపత్రి గేటు దగ్గరికి టార్చిలైటుతో వచ్చే మనిషి. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతారు.

ఆమె అనలేదు. జేబు దగ్గర ఆగిన ఆ చెయ్యే ఆమె కళ్ళలో మెదులుతోంది.

ఆయన కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచారు. "రెండు జతలు చాలు," అనుకుంటూ తన గదిలోకి వెళ్ళారు.

*

పిల్ల నిద్రపోలేదు. తల్లి మంచం అంచున కూర్చోగానే అడిగింది.

"తాతయ్యని పంపించేస్తున్నారా?"

"అత్తయ్య వాళ్ళింటికి. కొన్నాళ్ళు."

"బిళ్ళలు తాతయ్య ఇవ్వలేదు. నేనే జేబులోంచి తీశా."

"ఆయనకి తెలీకుండానే?"

"తర్వాత తెలిసింది."

"తెలిసి ఏమన్నారు?"

పిల్ల కాసేపు ఆలోచించింది, ఏది చెబితే తాతయ్యకి మేలు అన్నట్టు. "ఒకటొద్దు, సగం వేసుకో అన్నాడు."

తల్లి దుప్పటి సర్దింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"నీతో చెబితే ఎక్స్‌రే తీస్తావు. తీస్తే మాన్పించేస్తారు. జిల్లా సెలక్షన్లలో ఫస్టొచ్చినవాళ్ళ పేరు మైకులో చదువుతారట. తాతయ్య చెప్పాడు. నాన్న క్లబ్బు కాదుగా, అక్కడ చదువుతారు."

"పేరు చదివితే ఏమొస్తుంది?"

పిల్ల ఆమె వంక వింతగా చూసింది. ఇంత పెద్దదానివి, ఇదీ తెలీదా అన్నట్టు.

పక్క గదిలో అలమర తలుపు తెరుచుకున్న చప్పుడు. హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. ఇద్దరూ విన్నారు.

"నాకు చెప్పకపోతే పోయె," అంది తల్లి. "నాన్నకైనా చెప్పాల్సింది. నీ కాలు అలా ఉందని తెలిస్తే ఆయన గడప దాటనిచ్చేవాడు కాదు. నువ్వు గెలవాలని ఆయనకేం పంతం లేదు కదా."

పిల్ల దుప్పటి అంచున లేచిన పోగు లాగుతోంది. పోగు సాగుతోంది కానీ తెగడం లేదు.

"చెప్పా."

"ఏం చెప్పావు?"

"ఆదివారం పొద్దున. షూ వేసుకుంటుంటే. కాలు నేల మీద పెట్టలేకపోతున్నా నాన్నా, ఇవాళ నేను రాను అన్నా."

"నాన్నేమన్నాడు?"

"గెలవమని నిన్నెవరూ అడగట్లేదు కదా, మెల్లగా రా అన్నాడు. ఆఖర్న వచ్చినా అదే పతకం కదా అన్నాడు." పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు, పాఠం అప్పజెబుతున్నట్టుంది. "పిల్లలందరూ పరిగెత్తాలనే కదా ఇదంతా, సెక్రెటరీ కూతురే కూర్చుంటే జనం ఏమనుకుంటారు అన్నాడు. షూ లేసులు తనే కట్టాడు."

"కాలు చూశాడా?"

"మేజోడు ఉందిగా."

"మరి మెల్లగా పరిగెత్తి ఉంటే సరిపోయేది కదా బంగారం. ఫస్టెందుకొచ్చావు?"

"మెల్లగానే మొదలెట్టానమ్మా. అందరికన్నా వెనకాలే ఉన్నా. ఆ కళ్ళద్దాల పిల్ల కన్నా వెనక." పిల్ల పోగు వదిలేసింది. "మలుపు దగ్గర నాన్న నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నన్ను చూసి. శభాష్ తల్లీ, శభాష్ అని. నవ్వుతూ. నాకెప్పుడూ కొట్టడు. ఆఖర్న ఉన్నానని కొట్టాడు."

"ఊఁ."

"అది చూస్తే కోపమొచ్చేసింది. విరిగితే విరగనీ అనుకున్నా. అందర్నీ దాటేశా. గీత దాటి వెనక్కి చూస్తే నాన్న అటు తిరిగి ఆ పిల్లకి కొడుతున్నాడు."

చెప్పేసి, ఇక అంతే అన్నట్టు గోడ వైపు ముఖం తిప్పుకుంది. భుజాలు కదల్లేదు. తల్లి దాని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడిస్తే బావుణ్ణు అనుకుంది. అది ఏడవలేదు.

ఆమె అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. హాల్లో పెట్టె చక్రాలు గచ్చు మీద దొర్లిన చప్పుడుకి లేచింది.

*

మామగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, బొత్తాలు పైదాకా పెట్టుకున్నారు. తల దువ్వుకున్నారు. ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్తున్న మనిషిలా ఉన్నారు.

భర్త ఆయన పెట్టె పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

"బండి పిలిచాను," అన్నాడు ఆమెతో, తల ఎత్తకుండా. "సందు మొదట్లో ఉందట. వచ్చేస్తుంది."

"అందులో ఇద్దరికి చోటుంటుందా?"

"ఎందుకుండదు? నువ్వు దింపి రానక్కర్లేదు, నాన్న వెళ్ళగలడు. నువ్వు పిల్ల దగ్గరుండు."

"పిల్ల దగ్గరే ఉంటాను. వెళ్ళేది మీరూ, మామయ్యగారూ."

ఆయన అప్పుడు తల ఎత్తాడు. సరిగ్గా వినలేదేమో అన్నట్టు చూశాడు.

"ఆదివారం పొద్దున షూ లేసులు మీరే కట్టారట," అంది ఆమె.

భర్త ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేడు. అది ఆయనలో ఆమెకి ఎంతో నచ్చిన గుణం. ఇవాళ ఒక్కసారి చెప్పి ఉంటే బావుండేదని ఆమె మనసులో ఒక మూల అనిపించింది.

"ఏమైందిరా?" అన్నారు ముసలాయన. "లేసులేమిటి?"

"నాకు కాలు నొప్పి, ఇవాళ పరిగెత్తను అని అది ఈయనతో చెప్పింది మామయ్యగారూ. జనం ఏమనుకుంటారో అని ఈయన తీసుకెళ్ళారు."

"మామూలు నొప్పనుకున్నాను," అన్నాడు భర్త. "దేవుడి సాక్షిగా మామూలు నొప్పే అనుకున్నాను. పిల్లలు బద్ధకిస్తారు కదా. మెల్లగా రమ్మన్నాను. మెల్లగానే రమ్మన్నాను."

కొడుకు మీద విరుచుకుపడటానికి తండ్రికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఆమె దానికోసమే ఎదురు చూసింది కూడా. కానీ ముసలాయన పెట్టె పిడి మీదినుంచి చెయ్యి తీసి, కొడుకు చొక్కా చేతికి అంటిన సుద్దని చూపుడువేలితో దులపబోయి, మధ్యలో ఆపేశారు.

గేటు బయట హారన్ మోగింది.

"పిల్లని ఈ స్థితిలో వదిలి నన్నెక్కడికి వెళ్ళమంటావు?" అన్నాడు భర్త. "దానికి నాన్న కావాలి."

"ఏమో. అది ఇంతవరకూ మీ ఇద్దర్లో ఎవర్నీ అడగలేదు. కాలు అతుక్కునేదాకా ఈ ఇంట్లో పరుగు మాట ఉండకూడదు. దాన్ని ఎవరూ గెలిపించొద్దు, ఎవరూ ఓడించొద్దు. మీరుంటే అది కుదరదు. ఆయనున్నా కుదరదు."

"నేనేం చేశానో నాకు తెలుసు. ఆ కట్టు కట్టింది మాత్రం నేను కాదు."

"కాదు," అంది ఆమె. "మీరు చూడనుకూడా లేదు."

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

ఆమె వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి, రెక్క పట్టుకుని పక్కకి నిలబడింది. ఇద్దరు మగవాళ్ళూ పెట్టెకి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

లోపలి గదిలోంచి మంచం కిర్రుమంది. నేల మీద ఏదో బరువుగా తాకిన చప్పుడు, ఆ వెంటనే పళ్ళ బిగువున అణుచుకున్న మూలుగు.

"అమ్మా," అంది పిల్ల గొంతు, తలుపుకి బాగా దగ్గర్నుంచి. "ఎవరు వెళ్తున్నారు?"